బర్నార్డ్ నక్షత్రానికి నాలుగు గ్రహాలట... ఈసారైనా నమ్మొచ్చా?

విభాగం: ఆకాశం – ఖగోళం

చుక్కలపందిరి | 2025 ఏప్రిల్ 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చేరి ఏడాదైంది గానీ పోస్టు పెట్టడం ఇదే మొదలు. పొద్దున మా బాబాయి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. "ఆరు కాంతి సంవత్సరాల దూరంలో నాలుగు కొత్త భూములు, ఇక మనిషి వెళ్లడమే తరువాయి" అని యాంకరు గొంతు చించుకుంటోంది. వెనకాల నీలం సముద్రం, రెండు చందమామలు. బర్నార్డ్ నక్షత్రం అనే పేరు మాత్రం చివర్లో ఒక్కసారి వినబడింది.

నాకు తట్టిన అనుమానం వేరు. 2018లో, డిగ్రీలో ఉండగా, ఇదే నక్షత్రానికి పెద్ద గ్రహం దొరికిందని పేపర్లో చదివి ఆ ముక్క కత్తిరించి దాచుకున్నా. ఇంకా నా దగ్గరుంది. 233 రోజులకో చుట్టు, భూమికి మూడింతల బరువు, పైన గడ్డకట్టిన చలి అని ఉంది. ఇప్పుడు చెబుతున్న నాలుగింట్లో అది లేదు! మరి ఆ గ్రహం ఎక్కడికి పోయింది?

నల్గొండన్న | 9:52

గాయబ్ అయింది తమ్మీ. గా యూట్యూబోళ్లకు సముద్రం లేని గ్రహం ఒక్కటన్నా దొరకదు, చూసినవా?

పాతపుస్తకం | 10:31

చుక్కలపందిరి గారూ, ఆ కటింగు పారేయకండి. బర్నార్డ్ నక్షత్రం దగ్గర దొరికి మాయమైన గ్రహాల్లో మీది మొదటిది కాదు. అసలు కథ నేను నిక్కర్లేసుకునే రోజులది. ఓపికుంటే చదవండి, నాకు క్లుప్తంగా చెప్పడం చేతకాదు. ముప్పై ఏళ్లు ఫిజిక్సు పాఠాలు చెప్పి పాడైపోయిన నోరు.

ముందు ఆ పేరుగల మనిషి. ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ 1857లో అమెరికాలోని నాష్‌విల్‌లో కటిక పేదింట్లో పుట్టాడు. తొమ్మిదేళ్లకే ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. పెద్దయ్యాక వరసగా తోకచుక్కలు పట్టాడు. అప్పట్లో ఒక దాత కొత్త తోకచుక్కకు 200 డాలర్లు ఇచ్చేవాడు, ఆ డబ్బుతోనే ఇల్లు కట్టుకున్నాడు. 1892లో గురుగ్రహపు ఐదో చంద్రుణ్ని, అమల్తియాను, టెలిస్కోపులో కన్ను పెట్టి చూసి పట్టాడు. 1916లో పాత ఫొటో ప్లేట్లనూ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిన్న చుక్క చోటు మారింది. ఏడాదికి 10 ఆర్క్ సెకన్ల పైచిలుకు (డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఆర్క్ సెకను). ఈ జోరున నిండు చందమామ వెడల్పంత దూరం జరగడానికి 175 ఏళ్లు పడుతుంది. ఇదేం జోరు అంటారేమో, నక్షత్రాల్లో దీన్ని మించి జరిగేది ఇప్పటికీ దొరకలేదు.

మనకు 5.96 కాంతి సంవత్సరాలు. ఆల్ఫా సెంటారీ ముగ్గురన్నదమ్ముల తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ఇదే. అంత దగ్గరున్నా వట్టి కంటికి కనబడదు. ఎర్ర మరుగుజ్జు, అంటే సూర్యుడికన్నా చిన్నదీ చల్లనిదీ అయిన నక్షత్రం మరి, సూర్యుడి వెలుగులో మూడొందల వంతు కూడా లేదు.

ఇప్పుడు గ్రహం సంగతి. పీటర్ వాన్ డి కాంప్ అనే డచ్చి దేశస్థుడు పెన్సిల్వేనియాలో స్ప్రౌల్ అబ్జర్వేటరీకి డైరెక్టరు. 1938 నుంచి ఏటా ఈ నక్షత్రాన్ని 24 అంగుళాల కటకమున్న టెలిస్కోపుతో ఫొటోలు తీయించాడు. రెండు వేలకు పైగా ప్లేట్లు. గ్రహముంటే నక్షత్రం తిన్నగా జరగదు, తాగినోడి నడకలా కాస్త ఇటూ అటూ తూలుతుంది. ఆ తూలుడు దొరికిందని 1963లో ప్రకటించాడు: గురుగ్రహానికి ఒకటిన్నర రెట్లకు పైన బరువు, 24 ఏళ్లకో చుట్టు. తర్వాత ఒకటి కాదు రెండు గ్రహాలన్నాడు. పాఠ్యపుస్తకాలు రాసేసుకున్నాయి. బ్రిటిష్ వాళ్ల ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ 1973 నుంచి 78 దాకా కూర్చుని డీడలస్ అనే మనుషుల్లేని నౌకను కాగితం మీద గీస్తే, దాని గమ్యం కూడా ఈ నక్షత్రమే. కాంతి వేగంలో 12 శాతం, ప్రయాణం యాభై ఏళ్లు.

ఆ తూలుడు ప్లేటు మీద ఎంతో తెలుసా? మైక్రానుకు కాస్త పైన. మన వెంట్రుక మందంలో యాభయ్యో వంతు.

1973లో జార్జ్ గేట్‌వుడ్, హైన్‌రిక్ ఐకార్న్ అనే ఇద్దరు వేరే అబ్జర్వేటరీల ప్లేట్లు తెచ్చి కొలిచారు. తూలుడు లేదు. అదే ఏడాది స్ప్రౌల్‌లోనే పనిచేసే జాన్ హెర్షీ అదే టెలిస్కోపుతో తీసిన ఇంకో నక్షత్రం ప్లేట్లు చూశాడు. చిత్రం, అదీ అవే ఏళ్లలో ఒక్కసారిగా పక్కకు జరిగినట్టు కనబడింది. 1949లో టెలిస్కోపు కటకాన్ని విప్పి కొత్త చట్రంలో బిగించారు, 1957లో మళ్లీ సర్దారు. నక్షత్రం తూలిందీ ఆ ఏళ్లలోనే! ఆకాశంలో రెండు నక్షత్రాలు కూడబలుక్కుని జరుగుతాయా? జరిగింది అద్దం.

వాన్ డి కాంప్ మాత్రం 1995లో పోయేదాకా ఒప్పుకోలేదు.

నల్గొండన్న | 10:44

మా ఇంట్ల అద్దాలు మార్చినంక మా నాయిన గూడ పక్కింటి గోడ వంకర పోయిందని లొల్లి పెట్టిండు సార్. గసుంటిదే.

పాతపుస్తకం | 10:47

నవ్వించారు. కానీ ఆయన్ని తేలిగ్గా తీసేయకండి. పాతికేళ్లపాటు ఒక్క చుక్కనే చూసిన ఓపిక ఎంతమందికుంటుంది? కొలిచింది కూడా ఆయనొక్కడే కాదు, చాలామంది చేతులతో కొలిపించి సగటు తీశాడు. మనుషుల తప్పులు సగటులో పోతాయి. టెలిస్కోపు తప్పు మాత్రం ఎన్ని వేల ప్లేట్లు సగటు తీసినా పోదు.

విసుగుమనిషి | 11:20

మా వీధిలో గుంట పూడ్చడానికి మూడేళ్లు. ఇక్కడ ఆరు కాంతి సంవత్సరాల గ్రహాల పంచాయితీ. దీనివల్ల ఎవడికి లాభం?

చుక్కలపందిరి | 11:26

@విసుగుమనిషి గుంట మీద వేరే త్రెడ్ పెట్టండి, మొదటి లైకు నాదే :)

@పాతపుస్తకం మాస్టారూ, ఇంత ఉందని తెలీదు. మరి నా 2018 గ్రహం కూడా అద్దం తప్పేనా?

స్పెక్ట్రమ్ సుధ | ఏప్రిల్ 20, ఉదయం 7:15

కాదండి, దాని కథ వేరు. నేను చదివేది ఈ రంగమే కాబట్టి జోక్యం చేసుకుంటున్నా.

1963లో చూసింది నక్షత్రం పక్కలకు తూలడం. ఇప్పుడు చూసేది మన వైపు వచ్చి, వెనక్కి పోవడం. ప్లాట్‌ఫారం మీద నిలబడితే వచ్చే రైలు కూతకూ వెళ్లే రైలు కూతకూ తేడా తెలుస్తుంది కదా, కాంతికీ అంతే. నక్షత్రపు కాంతిని రంగులుగా విడదీస్తే మధ్యమధ్య నల్లగీతలుంటాయి. గ్రహం లాగినప్పుడు ఆ గీతలు అటూ ఇటూ జరుగుతాయి.

2018 నవంబరులో ఇగ్నాసి రిబాస్ బృందం ఏడు పరికరాల నుంచి ఇరవై ఏళ్ల కొలతలు, మొత్తం 771, కలిపి చూసి 233 రోజుల గ్రహముందని నేచర్ పత్రికలో రాసింది. 99 శాతం నమ్మకమని చెప్పారు. 2021లో జాక్ లూబిన్ బృందం టెక్సాస్‌లోని కొత్త పరికరంతో చూస్తే ఆ సంకేతం కనబడలేదు. పాత కొలతల్లో కూడా కొన్నేళ్లే బలంగా ఉంది, మిగతా ఏళ్లలో లేదు. గ్రహమైతే సెలవు పెట్టదు కదా. వాళ్లు చెప్పిందేమిటంటే, నక్షత్రం తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 145 రోజులు పడుతుంది. దాని ముఖం మీది మచ్చలు ఆ లయలో వచ్చిపోతుంటాయి. 233 అనేది ఆ 145కి పడ్డ నీడ.

ఫ్యాను కింద ఇంజినీరు | ఉదయం 8:02

145కి నీడ 233 ఎలా అవుతుంది మేడమ్? రెట్టింపు కాదు, సగం కాదు. ఏదో సర్దిచెప్పినట్టుంది.

స్పెక్ట్రమ్ సుధ | 8:20

మీ పేరులోనే జవాబుంది :) ట్యూబులైటు కింద ఫ్యాను ఆపుతున్నప్పుడు ఒక దశలో రెక్కలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి కదా. రెక్కలు వెనక్కి తిరగవు. లైటు క్షణక్షణం వెలిగి ఆరుతుంది, మనకు ఆ ముక్కలే అందుతాయి. బర్నార్డ్ నక్షత్రం కూడా ఏటా కొన్ని నెలలు సూర్యుడి వెనక్కి పోతుంది, అప్పుడు కొలతలుండవు. అంటే ఏడాదికోసారి ఆరే ట్యూబులైటు అన్నమాట. మిగతాది మీరే లెక్కకట్టండి.

ఫ్యాను కింద ఇంజినీరు | 8:58

కట్టాను. భ్రమణం 142 రోజులనుకున్నా (145కి అటూ ఇటూ పదిహేను రోజులు పట్టు ఉందని చూశా). ఏడాదిలో 365/142, అంటే 2.57 చుట్లు. ట్యూబులైటు ఏడాదికి ఒక చుట్టు మింగేస్తే మిగిలేది 1.57. 365ని 1.57తో భాగిస్తే 232!

టీ చల్లారిపోయింది. చల్లారితే చల్లారింది.

చుక్కలపందిరి | 9:10

మీ లెక్క చూశాక కటింగు మీద పెన్నుతో "ట్యూబులైటు గ్రహం" అని రాశా. కొంచెం బాధగానే ఉంది.

విసుగుమనిషి | 10:05

సరే, రెండుసార్లు బోర్లా పడ్డారు. మూడోసారి మాత్రం ఎందుకు నమ్మాలి? కాసేపట్లో ఈ కొత్త గ్రహాలు కూడా ఏ మచ్చో, ఏ బల్బో అంటారు.

స్పెక్ట్రమ్ సుధ | 10:49

ఈ ప్రశ్న నాకు నచ్చింది, నిన్నటి గుంట ప్రశ్న కన్నా.

2024 అక్టోబరులో హొనాయ్ గొంజాలెజ్ హెర్నాండెజ్ బృందం చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుకు బిగించిన ఎస్ప్రెస్సో అనే పరికరంతో 3.15 రోజుల గ్రహాన్ని ప్రకటించింది. ఇంకో మూడు ఉండొచ్చని చెప్పి, తేలాలి అని ఆగారు. ఆ ఆగడమే నాకు ముచ్చటేసింది. 2025 మార్చిలో షికాగో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న రిత్విక్ బసంత్, ఆయన తోటివారు హవాయిలోని జెమినీ నార్త్ టెలిస్కోపుపై ఉన్న మరూన్-ఎక్స్ అనే వేరే పరికరంతో, వాళ్ల సొంత కొలతలతో చూశారు. మూడు గ్రహాలు విడిగానే కనిపించాయి. రెండు పరికరాల లెక్కలూ కలిపితే నాలుగోదీ తేలింది.

చుట్టు తిరిగే రోజులు 2.34, 3.15, 4.12, 6.74. బరువులు భూమి బరువులో 19 నుంచి 34 శాతం. పోలికకు, అంగారకుడు భూమిలో 11 శాతం.

ఎంత సన్నటి పనో చెప్తా. అన్నిటికన్నా తేలికైన గ్రహం నక్షత్రాన్ని కదిలించే వేగం సెకనుకు సుమారు 22 సెంటీమీటర్లు. పాకే పసిపిల్లాడి వేగం. ఆరు కాంతి సంవత్సరాల అవతల మండే గోళం పసిపిల్లాడిలా పాకితే ఇక్కడ కొలిచారు.

మచ్చల అనుమానానికి జవాబు: 145 రోజులకోసారి తిరిగే ముసలి నక్షత్రం మీద 3 రోజుల లయ పుట్టించడం మచ్చలకు కష్టం. పైగా ఒక పరికరం చిలీలో, ఇంకోటి హవాయిలో. పరికరం తప్పయితే రెండూ ఒకే తప్పు చేయాలి.

పాతపుస్తకం | 11:15

గేట్‌వుడ్ 1973లో చేసింది సరిగ్గా అదే సుధ గారూ, వేరే అబ్జర్వేటరీ ప్లేట్లు తేవడం. అప్పుడు ఆ పనే గ్రహాన్ని చంపింది. ఇప్పుడు అదే పని బతికించింది. నాకైతే ఈసారి నమ్మకం కుదిరింది.

విసుగుమనిషి | 11:31

సరే. ఒప్పుకుంటున్నా. కానీ ఆ వీడియోలోని సముద్రం?

స్పెక్ట్రమ్ సుధ | 11:50

సముద్రం లేదండి, పాపం. 3.15 రోజుల గ్రహం నక్షత్రానికి 34 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మనకు సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్లు. దాని మీద వేడి 125 డిగ్రీలుంటుందని అంచనా. నీళ్లు నిలిచే మండలం ఇంకా అవతల, పది రోజులు దాటిన కక్ష్యల్లో మొదలవుతుంది. నాలుగూ దానికి లోపలివైపే. ఆ మండలంలో భూమంత గ్రహముంటే ఈపాటికి పట్టుబడేదేనని వాళ్ల లెక్క. నక్షత్రాన్ని అంత ఆనుకుని తిరిగేవి కాబట్టి మన చందమామలా ఒకే ముఖం అటు పెట్టి ఉండే అవకాశమూ ఎక్కువే. ఒక పక్క ఎప్పటికీ పగలు, రెండో పక్క ఎప్పటికీ రాత్రి.

ఇంకో మాట. ఇవి మనకూ నక్షత్రానికీ మధ్యకు అడ్డం రావు. అలా అడ్డం వచ్చే గ్రహాల కోసం వెతికే టెస్ ఉపగ్రహం చూసింది, వెలుగు తగ్గలేదు. కాబట్టి వీటి సైజు తెలియదు, గాలి ఉందో లేదో చూసే దారీ అంత సులువు కాదు.

బెజవాడ బుల్లోడు | మధ్యాహ్నం 1:12

అన్నట్టు ఈ నక్షత్రం ఓఫ్యూకస్ రాశిలో ఉందంట కదా. సూర్యుడు ఏటా నవంబరు ఆఖర్లో దాని గుండా పోతాడంట. అంటే పదమూడో రాశి ఉన్నట్టేగా? మాది వృశ్చికం. మారిపోతుందా ఏంటి?

మోడరేటర్ | 1:30

ఇది ఖగోళం విభాగం. సూర్యుడు ఆ తారామండలం గుండా వెళ్లడం నిజమే. వృశ్చికం మారిందా లేదా అన్నది పక్క విభాగంలో తేల్చుకోగలరు. ఇక్కడ ఆ చర్చ మొదలైతే సంక్రాంతి దాకా ఆగదని అనుభవం.

నల్గొండన్న | 1:41

పోవుడు సంగతి చెప్పుండ్రి. ఎన్ని రోజులు వట్టుద్ది?

ఫ్యాను కింద ఇంజినీరు | 2:05

దూరం 56 లక్షల కోట్ల కిలోమీటర్లు. వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్లు పోతుంది. ఆ వేగంతో లక్షా ఐదు వేల ఏళ్లు.

కానీ అన్నా, తొందరపడొద్దు. ఆ నక్షత్రమే సెకనుకు 110 కిలోమీటర్ల చొప్పున మన దిక్కు వస్తోంది. క్రీ.శ. 11,800 ప్రాంతంలో 3.75 కాంతి సంవత్సరాల దగ్గరకొస్తుందట. అప్పుడు బయల్దేరితే టికెట్టు చవక.

నల్గొండన్న | 2:09

అప్పటిదాకా మా ఊరి బస్సొస్తదేమో చూడాలె.

చుక్కలపందిరి | 2:40

ఇంకో పిచ్చి ప్రశ్న. మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు కూడా ఆ రోజుల్లోనే ఆకాశమంతా ఫొటోలు తీశారని విన్నా. వాళ్ల ప్లేట్లలో ఇది పడి ఉండదా?

పాతపుస్తకం | సాయంత్రం 6:18

పిచ్చి ప్రశ్న కాదు, నేనూ ఒకప్పుడు ఇదే ఆశపడ్డాను. అప్పుడు ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పొలం గట్లలా పంచుకున్నాయి. హైదరాబాద్ వాటాకు ఖగోళ మధ్యరేఖకు (మన భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో గీసుకున్న గీత) దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది, తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 పట్టీ. బేగంపేటలో కూర్చుని దశాబ్దాలపాటు లక్షల చుక్కల స్థానాలు కొలిచారు. కానీ బర్నార్డ్ నక్షత్రం ఉండేది ఉత్తరాన నాలుగున్నర డిగ్రీల దగ్గర. మన గట్టు దాటి, పక్కోడి పొలంలో పడింది.

సీమ దుర్భిణి | రాత్రి 10:55

మాస్టరు గారు పొలం అన్నారు కాబట్టి నేను కూడా మా చేను సంగతి చెప్తా. మాది అనంతపురం పక్కన పల్లె. మా మిద్దె మీద ఎనిమిదంగుళాల టెలిస్కోపుంది. ఊరంతా నన్ను ఎర్రోడనుకుంటారు, అనుకోనీలే.

ఆల్ఫా సెంటారీ ముగ్గురిలో అన్నిటికన్నా దగ్గరిదైన ప్రాక్సిమా అయితే మనకు కష్టమప్పా. మా ఊరి నుంచి దక్షిణాన పన్నెండు డిగ్రీలు లేస్తే గొప్ప, ఆ దుమ్ములో ఏం కనపడదు. బర్నార్డ్ మనకు నడినెత్తికి దగ్గరగా వస్తుంది. వెలుగు తొమ్మిదిన్నర మ్యాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక), మూడు నాలుగు అంగుళాల టెలిస్కోపుకే చిక్కుతుంది. ఓఫ్యూకస్‌లో 66 నెంబరు చుక్కను పట్టుకుంటే దాని పక్కనే వాయవ్యంగా వెతకాల. ఎర్రగా నిప్పులా ఉంటుందనుకోవద్దు. మసక నారింజ చుక్క, అంతే.

2016 మేలో ఒక ఫొటో తీసి పెట్టుకున్నా. ఇప్పుడు మళ్లీ తీసి పక్కన పెట్టి చూద్దామని ఈ త్రెడ్ చదువుతుంటే బుద్ధి పుట్టింది. అమావాస్య 27న. ఆ తర్వాత ఒక రాత్రి, తెల్లారుజామున మూడింటికి లేస్తా.

చుక్కలపందిరి | 11:02

అన్నా, తప్పకుండా పెట్టండి. నేను అలారం పెట్టుకుని ఇక్కడ కూర్చుంటా.

సీమ దుర్భిణి | ఏప్రిల్ 29, ఉదయం 5:20

మబ్బు. కుక్క ఒకటే అరిచింది. ఇంకేం లేదు.

సీమ దుర్భిణి | మే 2, ఉదయం 5:48

దొరికింది!

రెండు ఫొటోలు పైనొకటి కిందొకటి పెట్టి కంప్యూటర్లో మార్చి మార్చి చూశా. చుట్టూ ఉన్న చుక్కలన్నీ దిగ్గొట్టిన మేకుల్లా కదలకుండా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఉత్తరానికి ఎగిరి కూర్చుంది. కొలిస్తే తొంభై మూడు ఆర్క్ సెకన్లు, ఒకటి రెండు అటూ ఇటూ. తొమ్మిదేళ్లకు లెక్క సరిపోయింది. టెలిస్కోపులో గురుగ్రహం ఎంత కనిపిస్తుందో, అట్లాంటివి రెండు పక్కపక్కన పెట్టినంత దూరం.

గ్రహాలు నాకెప్పటికీ కనపడవు, తెలుసు. కానీ మా అమ్మను లేపి చూపిస్తే, "ఇది నీ పెండ్లప్పుడు ఇక్కడుండిందా?" అని తెర మీద వేలు పెట్టి అడిగింది. అవును, నా పెండ్లి 2016 మేలోనే.

పాతపుస్తకం | 6:10

ఆ రెండు ఫొటోలకూ మధ్యలో టెలిస్కోపు అద్దం గానీ విప్పి తుడిచారా?

సీమ దుర్భిణి | 6:13

తుడిచినా మాస్టరూ, రెండుసార్లు! కానీ మిగతా చుక్కలు కదల్లేదు కదా.

పాతపుస్తకం | 6:14

అయితే సరే. ఫొటోలు పెట్టండి.